ఒరిజినల్ ఇయ్యని దీప

మా ఆఫీసుల దీపకు జిరాక్స్ దీప అని పేరు పెట్టింది నేనే. నా నోరు అసొంటిది, ఊకోమంటే ఊకోదు. పెట్టిన పేరు పిల్ల మనసుకు తాకుతదని అప్పుడు సోయి లేదు. అందరు నవ్విన్రు, దీప కూడ నవ్వింది, ఇగ ఆ పేరు ఉండిపోయింది.

హన్మకొండల ఒక కంటి దవాఖాన మీది అంతస్తుల ఉంటది మా ఆఫీసు. చిన్నది. వానొస్తే కిటికీ కాడి కుర్చీల ఎవలు కూసోరు. నా పేరు పద్మలత. అందరికంటె పెద్దదాన్ని కాబట్టి అందరు అక్కా అంటరు, నేను అందర్ని తిడుత. దీప వర్ధన్నపేట పిల్ల. వాళ్లమ్మ కట్టమ్మ పత్తి ఏరబోతది, మిర్చి ఏరబోతది. అట్ల ఏరి ఏరి బిడ్డను ఇంజినీరింగ్ చదివిచ్చింది. తండ్రి లేడు. తల్లికి బిడ్డ, బిడ్డకు తల్లి, అంతే వాళ్ల సంసారం.

దీప తీరు మొదట్ల నాకు సమజ్ కాలే. పెన్ను అడిగితే తన పెన్ను ఇయ్యదు, సంచిలకెళ్లి ఇంకో పెన్ను తీసి ఇస్తది. ఆధార్ కార్డు నకళ్లు మూడు సంచులల్ల పెట్టుకుంటది. ఇంటి తాళంచెవికి ఇంకోటి, దానికింకోటి చేయించింది. కోడ్ చూపియ్యవే అంటే లాప్‌టాప్ ఇటు తిప్పదు, ఫైలుకు కాపీ తీసి నాకు మెయిల్ కొడుతది. నేను దాంట్ల తప్పులు చూసి చెప్పేటాళ్లకు ఆమె కాడ ఉన్న ఫైలు ఇంకో తీరుగ మారి ఉంటది. "ఏందే, నేను ఎవల కోడ్ చూసిన్నే? నీ కోడా, నీ కోడ్ కొడుకు కోడా?" అని ఒకసారి గట్టిగనే అరిచిన. దీప తలకాయ వంచుకొని, "మళ్లొకసారి పంపుత అక్కా" అన్నది. మల్ల పంపింది. అది కూడ కాపీనే.

ఆ తీరు ఎందుకు వచ్చిందో ఒకనాడు టిఫిన్ తినుకుంట తనే చెప్పింది. ఏదో కోర్సుల చేరేటప్పుడు పదో తరగతి మెమో ఒరిజినల్ ఇచ్చిందట. వాళ్లు బీరువల పెట్టినమన్నరు. కోర్సు అయినంక అడగబోతే బీరువా మారింది, సారు మారిండు, గది మారింది. మెమో లేదు. డూప్లికేట్ తెచ్చుకునుడుకు పిల్ల వరంగల్‌కు, హైదరాబాద్‌కు తిరిగి తిరిగి యాష్టకొచ్చింది. అది చేతికొచ్చేటాళ్లకు చేరాల్సిన నౌకరి చెయ్యిజారింది. ఆ దినం కట్టమ్మ బిడ్డను కూసోబెట్టి, "ఇగ ఏ కాయితం ఒరిజినల్ ఎవల చేతుల పెట్టకు బిడ్డా. వాళ్లు పెద్దోళ్లు కానియ్యి, దేవుడే కానియ్యి, జిరాక్స్ ఇయ్యి" అన్నదట.

ఇందుల నవ్వేదేముంది చెప్పున్రి. మన దిక్కు ఏ తల్లన్న పిల్లలకు చెప్పే ముచ్చటే ఇది. నా సర్టిఫికెట్లు కూడ మా అమ్మ బియ్యం డబ్బ కింద పాలిథిన్ కవర్ల పెట్టి, నా పెండ్లి అయినంక కూడ చానా దినాలు నాకే ఇయ్యలే. దీప మాత్రం ఆ మాటను కాయితాల కాడ ఆపకుంట బతుకు మొత్తానికి పెట్టుకున్నది.

ఇగ మా పని సంగతి. మేం రస్ట్ అనే భాషల ప్రోగ్రాంలు రాస్తం. మిషన్‌కు దగ్గరగ ఉండి జల్ది నడిచే పనులకు వాడే భాష అది. దాంట్ల పెరిగే వరుస ఒకటుంటది, వెక్ అంటరు. పేర్లు అనుకో, ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంట పోతవు. కొత్త పేరు వస్తే వరుస పెరుగుతది. ఉన్న జాగ సాలకపోతే వరుస మొత్తం లేచి పెద్ద జాగకు పోయి కూసుంటది.

ఆ వరుస మీద ఇంకో పని చెయ్యాలంటే దాన్ని ఆ పనికి అందియ్యాలె గద. అట్ల అందిచ్చుడు రెండు తీర్లు. ఒకటి రెఫరెన్స్. వరుస ఉన్న కాడ్నే ఉంటది, 'అగో ఆడుంది, చూసుకో' అని వేలు చూపించుడన్నట్టు. రెండోది క్లోన్. వరుస మొత్తానికి నకలు తీసి చేతుల పెట్టుడు. రెఫరెన్స్‌ల మల్ల రెండు రకాలున్నయి. ఉత్తగ చూసేటందుకు ఎంతమందికన్న ఇయ్యొచ్చు. మార్చేటందుకు మాత్రం ఒక్కరికే ఇయ్యాలె, ఆ ఒక్కరు మార్చేటప్పుడు చూసేటోళ్లు ఎవలు ఉండొద్దు. ఎందుకంటవా? మార్చేటోడు కొత్త పేరు ఎక్కిచ్చిండనుకో, వరుస జాగ మారితే మారొచ్చు. అప్పుడు చూసేటోని వేలు ఉత్త జాగ మీద ఉంటది. ఈ రూలు తప్పినవంటే, రాసింది చూసి మిషన్ భాషలకు మార్చే కంపైలర్ నీ ప్రోగ్రాంను ముందలికి పోనియ్యదు. మా అత్త కూడ గంత పట్టుబట్టదు.

దీపకు ఇదంత తెల్వదని కాదు. పరీక్ష పెడితే నాకంటె మంచిగ చెప్తది. రాసేటప్పుడు మాత్రం కంపైలర్ జర గుడ్లురిమిందంటే సాలు, లైను చివర క్లోన్ అని కొట్టేస్తది. కంపైలర్ నోరు మూసుకుంటది. నకలు మీద నువ్వేం రాసుకుంటే దానికేంది?

"వరుస ఉన్న కాడ్నే ఉంచి రెఫరెన్స్ ఇయ్యరాదే" అనేదాన్ని.

"ఒకలు చూసేటప్పుడు ఇంకొకలు మారిస్తే ఖరాబైతది గదక్కా. కాపీ ఇస్తే ఫికర్ ఉండదు" అనేది.

"ఖరాబు కాకుంట చూసేటందుకే గద ఆ కంపైలర్ ఉన్నది!"

"పని అయితాంది గదక్కా" అని మల్ల తన స్క్రీన్‌ల తలకాయ పెట్టేది. నేను నెత్తి కొట్టుకొని చాయ్ తాగబోయేదాన్ని.

మొన్నటి మేడారం జాతరకు ముందు, మాకు తెలిసిన ఒక సేవా సంఘమోళ్లు వచ్చిన్రు. జాతరల తప్పిపోయినోళ్లను వాళ్లోళ్లకు కలిపే టెంట్లు వేస్తున్నం, ఒక టెంటుల రాసింది ఇంకో టెంటుల కనపడేటట్టు ప్రోగ్రాం చేసి పెట్టున్రి అన్నరు. దేవతల పని, కాదంటమా? వాళ్ల టెంట్లు రెండు. ఒకటి తల్లుల గద్దెల కాడ, ఒకటి జంపన్న వాగు కాడ. తప్పిపోయినోళ్ల పేరు, ఊరు రాస్తే రెండు టెంట్ల బోర్డు మీద ఎర్రగ వస్తది. మనిషి దొరికితే ఒక్క బటన్ కొడితే ఆ పేరు పచ్చగ అయితది. పేర్లు ఎక్కిచ్చే భాగం నేను రాసిన. దొరికినట్టు మార్చే భాగం దీప రాసింది.

ఆఫీసుల ఒక్క స్క్రీన్ పెట్టుకొని చూసినం. పేర్లు ఎక్కిచ్చినం, ఎర్రగ వచ్చినయి. బటన్ కొట్టినం, పచ్చగ అయినయి. అందరం సప్పట్లు కొట్టినం. నేను దీప కోడ్ కూడ చదివిన, చదవలేదనొద్దు. నేను చదివింది ఎప్పటి తీరుగనే ఆమె పంపిన కాపీ. దాని తర్వాత తన ఫైలుల ఇంకో లైను మార్చింది, ఆ లైను నాకు అందలే.

జాతరకు ఇద్దరం పోయినం. గద్దెల కాడి టెంటుల పెద్ద టీవీ పెట్టి బోర్డు చేసిన్రు. ఆడ దీప, నేను. ప్రోగ్రాం నడిచే దీప లాప్‌టాప్ మాత్రం వాగు కాడి టెంటుల ఉన్నది, జనరేటర్ ఆడుంది కాబట్టి. ఆడ సంఘం పిల్లలు చూసుకుంటాన్రు. రెండు టెంట్లను కలిపేటందుకు సంఘమోళ్లు వేరే యాంటెనాలు పెట్టిన్రు. పొద్దుగాలనే ఎంత జనం! నెత్తి మీద బంగారం, అంటే బెల్లం, మూటలు పెట్టుకొని, మొఖాల నిండ పసుపు పూసుకొని, ఒకరి కొంగు ఒకరు పట్టుకొని పోతానే ఉన్నరు. దుమ్ము లేచి చెట్లన్ని ఎర్రగైనయి. మైకుల పేర్లు పిలుసుడు ఆగుతలేదు. ఫోన్ కలిపితే కలువది, కలిసినా మాట ఇనపడది.

కట్టమ్మ కూడ వచ్చింది ఆ జాతరకు, చుట్టాలతోని ట్రాక్టర్ల. బిడ్డకు నౌకరి దొరికితే నిలువెత్తు బంగారం ఇస్తనని మొక్కుకున్నదట. వాళ్లు దిగిన కాడ గుడిసె వేసుకొని, మూటలు పెట్టి, కట్టమ్మ వాగుకు తానానికి పోయింది. ఫోను మూటల్నే పెట్టింది. ఆమె అటు పోయిందో లేదో మరిపెడ దిక్కు చుట్టాలు ఇంకో ట్రాక్టర్ నిండ దిగిన్రు. ఆ గుడిసెల ఇంతమంది యాడ పడుతరు? అందరు మూటలెత్తుకొని రోడ్డుకు అవతల పెద్ద చెలకలకు జరిగిన్రు. కట్టమ్మ వస్తే చెప్పున్రి అని పక్క గుడిసెవాళ్లకు చెప్పిపోయిన్రు. ఆ పక్క గుడిసెవాళ్లు కూడ దర్శనమైపోయి మూట సదురుకొని పోయిన్రు. కట్టమ్మ తడి చీరతోని తిరిగొచ్చేటాళ్లకు ఆ జాగల ఎవలో కొత్తోళ్లు పొయ్యి పెట్టుకొని ఉన్నరు. మనిషి వాగుకు పోయి ఇంక తిరిగిరాలే, గుడిసె ఎట్ల జరుపుతరు? మా కంపైలర్ ఆడుంటే జరగనియ్యకపోవు.

దీప చిన్నమ్మ మల్లక్క, అంటే కట్టమ్మ చెల్లె, మా టెంటుకు ఉరికొచ్చింది. "బిడ్డా, మీ అమ్మ కనపడ్తలేదే. తానానికి పోయి ఎంత సేపాయె. ఒడ్డు మీద కూడ లేదు."

దీప మొఖం తెల్లగైంది. తల్లి పేరు తనే కొట్టింది: కట్టమ్మ, వర్ధన్నపేట. బోర్డు మీద ఎర్రగ వచ్చింది. అందరి పేర్ల నడుమ తల్లి పేరు చూసి పిల్ల పెదవి కొరుక్కున్నది. జర సేపటికి మల్లక్క మల్ల వచ్చి, "వాగు కాడ కూడ మీ టెంటు ఉన్నదట గద, అండ్ల అడగాల్నా?" అన్నది.

"అండ్ల లేదు చిన్నమ్మా. ఉంటే ఈడ పచ్చగ వచ్చేది" అన్నది దీప, బోర్డు దిక్కు చూసుకుంట. "మీరు వాగు పొంటి కిందికి పోయి చూడున్రి. నీళ్లు లోతున్న కాడ కూడ చూడున్రి."

మల్లక్క ఏడ్సుకుంటనే పోయింది. నేను ఇనుకుంటనే ఉన్న, నాకు కూడ బోర్డు మీద అనుమానం రాలే. పచ్చగ లేదంటే లేదనే అనుకున్న.

ఆ పూటంత దీప కుర్చీల నుంచి లేవలే. "నువ్వు పోయి ఎతుకు, నేను చూసుకుంట" అంటే ఇనది. "దొరికితే ముందు ఈడ్నే తెలుస్తది గదక్కా, నేను ఈడ్నే ఉంట" అన్నది. వచ్చినోళ్ల పేర్లు కొడుతాంది, ఊర్లు అడుగుతాంది, ఏడ్చేటోళ్లకు నీళ్లిస్తాంది. ప్రతి పేరు కొట్టినంక ఒకసారి బోర్డు దిక్కు చూస్తది. ఇగ అట్ల చూసుకుంట ఉండలేక, వాగు కాడి టెంటుకు టార్చ్ బ్యాటరీలు ఇయ్యాలె అని సాకు చెప్పి, సంఘం పిల్లగాని మోటర్ సైకిల్ ఎక్కి పోయిన.

పోయేసరికి ఏముంది? టెంటుల టార్పాలిన్ మీద కాళ్లు సాపుకొని కట్టమ్మ కూసొని ఉన్నది. ఒక ముసలాయనకు పులిహోర తినిపిస్తాంది.

"కట్టమ్మా!" అని ఒర్రిన.

"పద్మమ్మా, నువ్వొచ్చినవా" అని నవ్వింది ఆమె. "నేను దొరికినట్టు నా బిడ్డకు పొద్దుగాలనే తెలిసిందట గద. మా గుడిసె కనపడక ఈడికొస్తే ఈ పిల్లలు కంప్యూటర్ల పెట్టిన్రు. ఇంక రాదేంది అనుకుంటాన. పని మస్తున్నదా ఏంది? ఉంటే ఉండనియ్యి, పరేషాన్ చెయ్యకు. నాకేం, మంచిగనే ఉన్న."

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బిడ్డ ఆడ తల్లి నీళ్లల్ల కొట్టుకపోయిందేమో అని సగం సచ్చి కూసున్నది. తల్లి ఈడ, తెలిసి కూడ బిడ్డ వస్తలేదు అనుకొని, దానికి కూడ సర్దుకొని కూసున్నది.

టెంటుల పిల్లను అడిగిన. "పచ్చగ పెట్టినం మేడం, పొద్దుగాలనే. ఇగో చూడున్రి" అన్నది. నిజమే. ఆ స్క్రీన్‌ల కట్టమ్మ పేరు పచ్చగున్నది. ఆమె ఒక్కదానిదే కాదు. కింద ఇంకా పచ్చ పేర్లున్నయి. ఆ పేర్లోళ్లందరు ఆ టార్పాలిన్ మీదనే కూసొని ఉన్నరు, ఎవలి మనుషులు వాళ్లకు రాకుంట. గద్దెల కాడ బోర్డు మీద వీళ్లందరు ఎర్రగనే ఉన్నరు.

ఇగ లాప్‌టాప్ తెరిసి దీప ఫైలు చూసిన. ఒరిజినల్ ఫైలు చూసుడు అదే మొదటిసారి. ఉన్నది, నాకు అందని లైను. బోర్డు వరుసను చదువుతుండంగనే అదే వరుసల మార్పు చెయ్యబోయింది. చదివే రెఫరెన్స్ ఇంక ఇడిసిపెట్టలే, మార్చే రెఫరెన్స్ అడిగితే కంపైలర్ ఒప్పుకోలే. దీప ఎప్పటి తీరుగనే క్లోన్ కొట్టింది. బటన్ కొట్టినప్పుడల్ల మొత్తం వరుసకు నకలు తయారైతాంది, ఆ నకలుల పేరు పచ్చగైతాంది, బటన్ కొట్టిన స్క్రీన్ మీద ఆ ఒక్క పేరును పచ్చగ చేసి నకలు మాయమైతాంది. అసలు వరుసల ఎర్రది ఎర్రగనే ఉన్నది. ఆఫీసుల మాకున్నది ఒక్కటే స్క్రీన్. మాకేం తెలుస్తది?

నోటికొచ్చినట్టు తిట్టిన. దీపను తిట్టిన, ఆమె మెమో పోగొట్టినోళ్లను తిట్టిన, ఆ బీరువాను కూడ తిట్టిన. ఫోన్ కలువలే. మోటర్ సైకిల్ పిల్లగాన్ని, "ఉరుకు బిడ్డా, దీపను ఎక్కిచ్చుకొని రా. తల్లి మంచిగున్నదని ముందుగాల చెప్పు, ఆ మాట చెప్పినంకనే బండెక్కియ్యి" అని పంపిన.

దీప వచ్చుడు వచ్చుడే తల్లి మెడ మీద పడ్డది. చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. "ఏందే, ఏమైందే, నేను మంచిగనే ఉన్న గద" అని కట్టమ్మ ఈపు నిమురుతాంది. జర సేపటికి దీప తలకాయ ఎత్తి స్క్రీన్ చూసింది. ఆ పచ్చ పేర్లు చూసింది, కూసున్నోళ్లను చూసింది. నేను చెప్పాల్సిన పని పడలే. పిల్లకు క్షణంల సమజైంది.

"నేనే అమ్మా. నేనే చేసిన. నువ్వు దొరికిన సంగతి నాకు రాకుంట నేనే చేసిన. చిన్నమ్మను టెంటుల అడగద్దని కూడ నేనే అన్న" అన్నది.

కట్టమ్మకు ఆ కంప్యూటర్ సంగతి ఏం తెలుస్తది. బిడ్డ ఏదో తప్పు చేసిందని మాత్రం తెలిసింది. కొంగుతోని బిడ్డ మొఖం తుడిసి, "అది తర్వాత చూసుకుందాం. నాకు నా బిడ్డ దొరికింది. ఈ మొగిలయ్య పెద్దమనిషి పొద్దుగాల నుంచి ఏడుస్తాండు, ఎంత తినిపిచ్చినా తింటలేడు. ముందుగాల ఈయన మనుషులకు చెప్పు" అన్నది.

ఆ మాటతోని దీప లేచింది. పేర్లన్ని ఒక కాయితం మీద రాసి నాకిచ్చింది. "నువ్వు గద్దెల కాడికి పోయి మైకుల చెప్పక్కా, వాళ్లోళ్లు అందరు ఆ బోర్డు కాడ్నే ఉన్నరు" అన్నది. మల్ల ఆగి, లాప్‌టాప్ ఎత్తి నా ముందట పెట్టింది. "లేకపోతే ఇది నువ్వు మార్చక్కా. నాకు నా మీద నమ్మకం లేదు."

ఏడాది సంది ఆ లాప్‌టాప్ ఇటు తిప్పవే అని అరిచినదాన్ని, ఆ దినం మాత్రం తీసుకోబుద్ధి కాలే. "నువ్వే రాయి. ఎట్ల రాయాల్నో నీకు తెల్వదా? వరుసనే అందియ్యి, నకలు ఇయ్యకు. బోర్డు చదువుడు అయిపోయి వేలు తీసినంకనే, మార్చే వేలు పెట్టు. ఒకలు ఇడిసినంక ఒకలు. కంపైలర్ తిడితే తిట్టనియ్యి. ఈసారి నోరు మూపియ్యకు, ఏమంటాందో ఇను" అన్న. అని మోటర్ సైకిల్ ఎక్కిన.

గద్దెల కాడ మైకు పట్టుకొని ఒక్కొక్క పేరు చదివిన. నా గొంతు పెద్దది, ఆ దినం దానికి పని దొరికింది. బోర్డు ముందట కూసున్నోళ్లు లేచి ఉరుకవట్టిన్రు. మొగిలయ్య బిడ్డ నా చెయ్యి పట్టుకొని, "మా నాయిన నిజంగ ఉన్నడా అక్కా? బోర్డు మీద ఇంక ఎర్రగనే ఉన్నది గద" అని మల్ల మల్ల అడిగింది. ఉన్నడమ్మా, పులిహోర తింటలేడట, పోయి తినిపియ్యి అన్న. మల్లక్క వాళ్లకు కూడ మైకుల్నే చెప్పిన. ఆమె అక్కడ్నే నేల మీద కూలబడి, సమ్మక్క తల్లీ అని దండం పెట్టింది.

వాగు కాడ ఏం జరిగిందో దీప తర్వాత చెప్పింది. క్లోన్ తీసేసి మార్చే రెఫరెన్స్ పెట్టిందట. కంపైలర్ మల్ల అదే తిట్టు తిట్టింది. బోర్డు పేర్లను ఒక్కొక్కటి చదువుకుంట తిరిగే లూపు లోపట్నే మార్చుడు కూడ ఉన్నదని అప్పుడు కనపడ్డది. చదివేదాన్ని ఒక కాడ ముగిచ్చి, మార్చే పేరు వరుసల ఎన్నోదో ఆ నంబర్ ఒక్కటి చేతుల పెట్టుకొని, లూపు దాటినంక మార్చే రెఫరెన్స్ తీసుకున్నది. కట్టమ్మ పక్కన కూసొని, బిడ్డ కంప్యూటర్ మీద కోపానికొచ్చినప్పుడల్ల నీళ్లు తాగు నీళ్లు తాగు అంటాందట.

పొద్దు వాలుతాంది. గద్దెల కాడ జనం జర పల్చబడ్డరు. ఒకసారి బోర్డు మొత్తం నల్లగై మల్ల వచ్చింది, పేర్లన్ని ఎర్రగనే వచ్చినయి. కొత్త ప్రోగ్రాం ఎక్కిచ్చినట్టున్నది అనుకున్న. అప్పుడే నా ఫోన్ మోగింది. అంతసేపు కలువని ఫోను.

"అక్కా" అన్నది దీప. "నేను ఈడ బటన్ కొట్టిన. జర బోర్డు చూసి చెప్పవా? మా అమ్మ దొరికిందా?"

బోర్డు దిక్కు చూసిన. వరుసల కట్టమ్మ, వర్ధన్నపేట, పచ్చగ ఉన్నది. "దొరికింది బిడ్డా. దొరికింది" అన్న.

అటుదిక్కు నుంచి దీప ఏడుపు ఇనపడ్డది. దాని ఎనుక నుంచి కట్టమ్మ గొంతు: "ఈ పిల్లకేమైందే? నేను ఈడ పక్కన్నే కూసున్న గద, ఇంక ఎవల్ని అడుగుతాంది?"